అరగంటలో బల్ల తయారవుతుందా?

టెలివిజన్‌లో వడ్రంగం చూపించే కార్యక్రమాలు మీరు చూసే ఉంటారు. తెర మీద ఒకాయన పలకలు కోస్తాడు, చిత్రిక పడతాడు, బంక రాస్తాడు, మరమేకులు బిగిస్తాడు. అరగంట గడిచేసరికి నిగనిగలాడే బల్ల ప్రత్యక్షమవుతుంది! చూసినవాళ్లలో కొందరు "ఆహా, ఎంత సులువు!" అంటారు. మరికొందరు "అన్నీ యంత్రాలే చేస్తే ఆయన గొప్పేముంది?" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం "మేకులు కొట్టిన బల్ల ఎన్నాళ్లుంటుంది? మా తాతగారి మంచానికి ఒక్క మేకు లేదు" అంటారు.

వీరిలో ఎవరి మాట నిజం? అభిప్రాయాలు ఎన్నైనా ఉండవచ్చు. కాని చెక్క ఎవరి అభిప్రాయాన్నీ లెక్కచేయదు. దానికి తనవైన నియమాలున్నాయి. ఆ నియమాలు తెలుసుకుంటే ఏ కార్యక్రమంలో చూపిన పద్ధతి మంచిదో, ఏది కంటికి మాత్రమే ఇంపైనదో మీరే చెప్పగలుగుతారు.

రెండు కార్యక్రమాలు, రెండు దారులు

ఈ వాదం కొత్తది కాదు. అమెరికాలో ఉత్తర కెరొలైనా రాష్ట్రపు ప్రజా టెలివిజన్‌లో 1979లో 'ద వుడ్‌రైట్స్ షాప్' అనే కార్యక్రమం మొదలైంది. అందులో రాయ్ అండర్‌హిల్ కరెంటుతో పనిలేకుండా రంపం, ఉలి, చిత్రిక వంటి చేతి పనిముట్లతోనే వస్తువులు చేసి చూపించేవాడు. ఆ కార్యక్రమం మూడున్నర దశాబ్దాలకు పైగా నడిచింది. 1989లో 'ద న్యూ యాంకీ వర్క్‌షాప్' వచ్చింది. అందులో నార్మ్ అబ్రామ్ విద్యుత్ యంత్రాలతో బల్లలు, బీరువాలు చకచకా తయారుచేసేవాడు. అది 2009 వరకు సాగింది. ఒకరిని మెచ్చేవారు రెండవవారిని విమర్శించడం వీక్షకులలో మామూలు అయిపోయింది.

ఇంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదులోని హైటెక్ సిటీకి రండి. ఇక్కడ 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దాని దగ్గరే ఉన్న శిల్పారామంలో చేతితో చెక్కిన కొయ్య వస్తువులు చూడవచ్చు. కొద్ది కిలోమీటర్ల లోపలే, 2018 ఆగస్టు 9న స్వీడన్ దేశపు ఐకియా సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణం తెరిచింది. అక్కడ కొన్న బల్ల అట్టపెట్టెలో విడి భాగాలుగా వస్తుంది. ఇంటికి తెచ్చి మనమే బిగించుకోవాలి. ఇక గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలోని కొత్త అపార్ట్‌మెంట్లలో వడ్రంగులు ప్లైవుడ్ పలకలు కోసి అల్మారాలు కడుతూ ఉంటారు. అంటే మూడు రకాల వడ్రంగం పక్కపక్కనే ఉన్నాయన్నమాట. మన పరిశీలనకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఏముంటుంది?

చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది

వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం, వేసవిలో అదే తలుపు వదులు కావడం మీరు గమనించే ఉంటారు. ఎందుకిలా జరుగుతుంది?

చెక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నటి గొట్టాల కట్టలా కనిపిస్తుంది. చెట్టు బతికి ఉండగా నీరు ఈ గొట్టాల గుండానే వేళ్ల నుంచి ఆకులకు పోతుంది. గొట్టాల గోడలు సెల్యులోజు అనే పదార్థపు పోగులతో తయారవుతాయి. ఆ పోగులను పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. సెల్యులోజుకు నీరంటే ఇష్టం. గాలిలో తేమ ఎక్కువైతే నీటి అణువులు గోడలలోని పోగుల మధ్య దూరి వాటిని పక్కకు నెడతాయి. అప్పుడు చెక్క ఉబ్బుతుంది. గాలి పొడిగా ఉంటే అణువులు బయటకు పోయి చెక్క కుంచించుకుపోతుంది. చెట్టు కొట్టి ఎన్ని ఏళ్లయినా ఈ రాకపోకలు ఆగవు.

ఇందులో ఒక విశేషముంది. పోగులు ఎక్కువభాగం చెట్టు నిలువునే అమరి ఉంటాయి. అందువల్ల నీరు చేరితే చెక్క వెడల్పు పెరుగుతుంది, పొడవు మాత్రం దాదాపు పెరగదు. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వలయాల వెంబడి సుమారు 5 నుంచి 6 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. పొడవులో తగ్గేది చాలా స్వల్పం. పలక ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ కుంచించుకోవడం వల్లనే వంకర పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. హైదరాబాదులో ఎండాకాలం గాలి బాగా పొడిగా ఉంటుంది. ఆగస్టులో తేమతో నిండి ఉంటుంది. అందుకు తగ్గట్టు చెక్కలోని తేమ వేసవిలో సుమారు 7 శాతానికి దిగి, వానాకాలంలో 13 శాతం దాకా పెరగవచ్చు. తేడా 6 శాతం. టేకు పలకలో తేమ ఒక శాతం మారితే వెడల్పు ఇంచుమించు 0.2 శాతం మారుతుందనుకుందాం. బల్ల వెడల్పు 60 సెంటీమీటర్లు.

60 × 0.002 × 6 = 0.72 సెంటీమీటర్లు.

అంటే 7 మిల్లీమీటర్లు! పాలిష్ వేస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి కాబట్టి నిజంగా జరిగే మార్పు కొంత తక్కువగా ఉండవచ్చు. కాని పాలిష్ దానిని పూర్తిగా ఆపలేదు.

ఈ బల్ల పైపలకను కింది చట్రానికి నాలుగు వైపులా మరమేకులతో కదలకుండా బిగించామనుకోండి. వేసవిలో పలక కుంచించుకుపోదామంటుంది, మరమేకులు కదలనివ్వవు. ఫలితం? ఒకనాడు ఫట్‌మని పలక నిలువునా చీలుతుంది. కోస్తాలో తేమగాలి మధ్య చేసిన బల్లను ఏప్రిల్ నెలలో గచ్చిబౌలిలోని ఫ్లాటుకు తెస్తే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎయిర్ కండిషనర్ కూడా గాలిలోని తేమను నీరుగా మార్చి బయటకు పంపుతుందని మరచిపోకండి.

తెలివైన వడ్రంగి చెక్కతో పోట్లాడడు, దానికి దారి ఇస్తాడు. పైపలకను చట్రానికి బిగించేటప్పుడు గుండ్రటి బెజ్జాలకు బదులు పొడుగాటి బెజ్జాలు పెడతాడు. పలక కదిలినప్పుడు మరమేకు ఆ బెజ్జంలో జరుగుతుంది. పాతకాలపు తలుపు చూడండి. చుట్టూ చట్రం, నడుమ పలకలు. ఆ పలకలు చట్రంలోని గాడిలో ఊరికే కూర్చుని ఉంటాయి, వాటికి బంక ఉండదు. ఉబ్బినా కుంగినా గాడి లోపలే. పెద్దవాళ్లు అందం కోసమే అలా చేశారని మనం అనుకుంటాం. నిజానికి అది చక్కని ఇంజనీరింగు!

అతుకులో ఉంది బలం

"మేకులు మంచివా, అతుకు మంచిదా?" అనేది రెండో వివాదం. టెలివిజన్‌లో తరచు కనిపించేది ఏటవాలుగా బెజ్జం వేసి మరమేకు బిగించే పద్ధతి. ఒక నిమిషంలో అయిపోతుంది. పాత పద్ధతిలో ఒక ముక్క చివరను నాలుకలా చెక్కి, రెండో ముక్కలో దానికి సరిపడే గుంట తొలిచి, రెంటినీ బిగిస్తారు. దీనికి చేయి తిరగాలి, సమయం పట్టాలి.

బంక విషయంలో చెక్కకు ఒక నియమముంది. పలక పక్క అంచును మరో పలక పక్క అంచుకు నార వెంబడి అతికిస్తే, అతుకు చెక్కతో సమానమైన బలంతో, ఒక్కోసారి అంతకు మించిన బలంతో ఉంటుంది. లాగితే అతుకు ఊడదు, పక్కనున్న చెక్క చీలుతుంది. కాని నార చివరలను చివరలకు అతికిస్తే, తెగిన గొట్టాల నోళ్లు బంకను లోపలికి పీల్చేస్తాయి. చెక్క నిలువు బలంలో కొద్ది భాగమే ఆ అతుకుకు వస్తుంది. నాలుక, గుంట ఉన్న అతుకులో నార పక్కలు ఒకదానికొకటి ఎక్కువ మేర తాకుతాయి. అంతేకాదు, బంక ఊడినా నాలుక గుంటలోంచి పక్కకు పోలేదు. ఆకారమే కాపలా కాస్తుంది.

దీనికి గొప్ప ఉదాహరణ మన ఎద్దుబండి చక్రం. దాని ఆకులను మధ్య దిమ్మలోని గుంటల్లోకి దిగ్గొడతారు. చుట్టూ ఉన్న చెక్కవంపుల మీద ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగి నీళ్లు పోస్తారు. ఇనుము చల్లబడి కుంచించుకుపోయి చక్రమంతటినీ బిగించి పట్టుకుంటుంది. వేడికి ఇనుము వ్యాకోచిస్తుందన్న పాఠాన్ని మన కమ్మరి, వడ్రంగి కలిసి ఎన్నడో అమలు చేశారు.

అయితే మరమేకును తీసిపారేయకండి. విడదీసి మళ్లీ కలపవలసిన చోట దానికి సాటి లేదు. 1859లో మైకేల్ థోనెట్ అనే ఆయన 14వ నంబరు కుర్చీ తయారుచేశాడు. అందులో ఆరు చెక్కభాగాలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. విడి భాగాలుగా చేస్తే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి! ఆ కుర్చీ వంపులు ఎలా వచ్చాయనుకున్నారు? కొయ్యను ఆవిరిలో ఉడికించి వంచారు. వేడికి, తేమకు లిగ్నిన్ మెత్తబడుతుంది, చల్లారాక మళ్లీ గట్టిపడుతుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత మనుషుల పెంపకం విషయంలో నిజమే కావచ్చు; ఆవిరి పడితే మాత్రం మాను కూడా వంగుతుంది!

ఐకియా కథ కూడా ఇలాంటిదే. 1956లో ఆ సంస్థలో పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్లను కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్లు ఊడదీసి పెట్టాడు. అట్టపెట్టెలో అమ్మే సామాను ఆలోచన అక్కడ ఊపందుకుంది. ఖాళీ గాలిని లారీలలో మోయడం తగ్గింది, రవాణా ఖర్చు తగ్గింది.

ప్లైవుడ్ నకిలీ చెక్కా?

"అసలు టేకు ఎక్కడ, ఈ అట్టముక్కలు ఎక్కడ!" అనే మాట మీరు వినే ఉంటారు. ఇది పూర్తిగా న్యాయమైన మాట కాదు.

చెక్క వెడల్పులో మాత్రమే ఎక్కువగా కదులుతుందని తెలుసుకున్నాం కదా. మానును పెన్సిల్ చెక్కినట్టు పలుచటి పొరలుగా ఒలిచి, ఒక పొర నార నిలువుగా, పైపొర నార అడ్డంగా పెట్టి అతికిస్తే ఏమవుతుంది? ఒక పొర వెడల్పుకు సాగుదామంటే, పక్క పొర పొడవుకు సాగదు కాబట్టి దానిని పట్టి ఉంచుతుంది. ఇదే ప్లైవుడ్. రెండు ముఖాల మీదా నార ఒకే దిశలో ఉండి సమతూకం కుదరాలని సాధారణంగా పొరలను బేసి సంఖ్యలో పెడతారు. మన దేశపు ప్రమాణాలలో ఐ.ఎస్. 710 రకం ప్లైవుడ్‌ను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. వంటింటి అల్మారాకు అటువంటిది తగును.

పార్టికల్ బోర్డు వేరు. చెక్కపేళ్లను, రంపపు పొట్టును బంకతో కలిపి వేడిమీద గట్టిగా నొక్కి దీనిని చేస్తారు. వృథాగా పోయే ముక్కలు పనికివస్తాయి, ధర తక్కువ. పొడి గదిలో పుస్తకాల అరకు బాగానే ఉంటుంది. కాని నీరు తగిలితే నొక్కుకుపోయిన పేళ్లు మళ్లీ విచ్చుకుంటాయి. బోర్డు రొట్టెలా ఉబ్బుతుంది. ఎండినా పూర్వపు మందానికి రాదు. మరమేకును రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే బెజ్జం పొడిపొడిగా రాలుతుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించే అల్మారాలు త్వరగా ఊగడానికి ఇదే కారణం.

ఇంకొక సంగతి. ఈ బోర్డులలో చాలావాటికి యూరియా-ఫార్మాల్డిహైడ్ బంక వాడతారు. దానినుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా వెలువడుతుంది. కళ్లు మండించే ఈ వాయువు కాన్సర్ కారకమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. అందుకే తక్కువ వాయువు వెలువడే రకాలకు 'ఇ1' వంటి గుర్తులు పెడతారు. కొత్త అల్మారా వచ్చిన రోజుల్లో కిటికీలు తెరిచి ఉంచడం మంచిది.

చెయ్యా? యంత్రమా?

చెక్కకు తనను కోసింది చెయ్యో యంత్రమో తెలియదు. కోత నున్నగా, కొలత సరిగా ఉంటే అతుకు నిలుస్తుంది. ఒకే కొలతలో వంద ముక్కలు కోయాలంటే యంత్రం మేలు. నార తిరిగిన చోట తెలుసుకుని చిత్రిక దిశ మార్చాలంటే చెయ్యి మేలు. బల్లకు ఏ పలక పనికొస్తుంది, చేవ ఎంత ఉంది, ముడి ఎక్కడ ఉందన్నది చూసి నిర్ణయించేది మాత్రం ఎప్పుడూ మనిషి కన్నే.

యంత్రానికి మరో ముఖం కూడా ఉంది. 25 సెంటీమీటర్ల వ్యాసమున్న రంపపు చక్రం నిమిషానికి 4,000 సార్లు తిరుగుతోందనుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 0.8 మీటరు. అంటే ఒక పన్ను నిమిషానికి 3,200 మీటర్లు, గంటకు సుమారు 190 కిలోమీటర్లు పోతుంది! చేయి జారిన క్షణంలో వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు. కొన్ని కార్యక్రమాలలో కోత స్పష్టంగా కనిపించాలని రంపానికి ఉండే రక్షణ తొడుగు తీసేసి చూపిస్తారు. అది కెమెరా కోసం చేసిన పని. దానిని మీరు అనుకరించకూడదు. నార్మ్ అబ్రామ్ యంత్రం ముట్టే ముందు రక్షణ కళ్లద్దాల సంగతి గుర్తుచేసేవాడు. ఆయన కార్యక్రమంలో నేర్చుకోదగిన మొదటి పాఠం అదే కావచ్చు.

దుమ్ము మరో శత్రువు. చెక్క దుమ్ము కాన్సర్ కారకమని పైన చెప్పిన సంస్థే 1995లో ప్రకటించింది. తెర మీద దుమ్ము కనిపించదు. మూసిన ఫ్లాటులో రోజంతా ప్లైవుడ్ కోసే వడ్రంగి ఊపిరితిత్తులకు మాత్రం అది బాగా తెలుసు. ఆయనకు ఒక ముసుగు, తెరిచిన కిటికీ ఉండాలి. మీ ఇంట్లో పని జరుగుతుంటే ఈ మాట పెద్దలకు చెప్పండి.

తెర దాచే సమయం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అరగంటలో బల్ల తయారవుతుందా? కాదు. అరగంటలో చూపించడం అవుతుంది, అంతే.

పచ్చి పలకలను గాలిలో ఆరబెట్టడానికి నెలలు పడతాయి. వేడి గదులలో ఆరబెట్టినా రోజులు, వారాలు కావాలి. కొండపల్లి బొమ్మలు చేసేవారు కూడా తెల్లపొణికి కొయ్యను చెక్కేముందు సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. తెల్లబంక పాలివినైల్ ఎసిటేట్ అనే పదార్థపు కణాలు నీటిలో తేలే ద్రవం. చెక్క ఆ నీటిని పీల్చుకున్నాకే కణాలు కలిసిపోయి పొరగా గట్టిపడతాయి. పూర్తి బలం రావడానికి ఇంచుమించు ఒక రోజు పట్టుకట్టి ఉంచాలి. పాలిష్ ఒక్కో పూత ఆరాలి. గరుకు కాగితంతో రుద్దడం, ఉలికి పదును పెట్టడం, తప్పు కోసిన ముక్కను పక్కన పడేయడం — ఇవేవీ తెర మీద ఉండవు. బంక ఆరేదాకా కెమెరా ఆగలేదు కాబట్టే మరమేకులకు తెర మీద అంత గిరాకీ!

ఈ దాచిన సమయం వల్ల ఒక నష్టముంది. అరగంట పనికి ఇంత కూలి ఏమిటని వడ్రంగితో బేరమాడతాం. త్వరగా ముగించమంటాం. ఆరని చెక్క, ఆరని బంక మన ఇంటికి వస్తాయి. మూడేళ్లకు బల్ల చెత్తలో చేరుతుంది. ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బనే. 20 కిలోల మంచంలో 10 కిలోల కార్బన్ దాగి ఉంటుంది. అది తగలబడితే సుమారు 37 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తాతగారి మంచం మనవడిదాకా నిలిస్తే ఆ కార్బన్ అన్నాళ్లూ ఇంట్లోనే భద్రం. టేకు చెట్టు పెద్ద పలకలిచ్చేంతగా ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. దానితో చేసిన వస్తువు కనీసం అన్నేళ్లయినా నిలవాలి కదా!

మీరే చేసి చూడండి

1. వడ్రంగిని అడిగి 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలుచటి చెక్కముక్క, అదే కొలత గల ప్లైవుడ్ ముక్క తెచ్చుకోండి. రెంటినీ నార వెంబడి, నారకు అడ్డంగా కొలిచి రాసుకోండి. ఒక రాత్రి నీటిలో నానబెట్టి మళ్లీ కొలవండి. చెక్క అడ్డంగా రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, నిలువుగా మార్పు కనిపించదు. మరి ప్లైవుడ్? దాని పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి ఏది మారిందో మీరే చెప్పండి.

2. నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలు తీసుకోండి. రెంటిని చివరకు చివర తాకేలా తెల్లబంకతో అతికించండి. మిగిలిన రెంటిని మూడు సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడేలా అతికించండి. ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత మెల్లగా వంచి చూడండి. మొదటిది వెంటనే ఊడుతుంది. రెండవది ఎక్కడ విరిగింది? అతుకు దగ్గరా, పక్కనున్న పుల్ల దగ్గరా?

ఇకమీదట ఇలాంటి కార్యక్రమం చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ చెక్క కదలడానికి చోటు ఉంచారా? అతుకులో నార ఏ దిశలో ఉంది? నీరు తగిలే చోట ఏ రకం పలక వాడారు? చేసే మనిషి కళ్లకు, ఊపిరికి రక్షణ ఉందా? ఈ నాలుగింటికీ సరైన జవాబు దొరికితే, ఆ బల్లను చేతితో చేసినా యంత్రంతో చేసినా మంచి బల్లే. దొరకకపోతే అది టెలివిజన్ బల్ల మాత్రమే. అదే ప్రశ్నలు మీ వీధిలోని వడ్రంగిని కూడా అడిగి చూడండి. ఆయన జవాబులో ఏ కార్యక్రమమూ చూపని సంగతులు కొన్ని తప్పక దొరుకుతాయి.